నాలుగు మిల్లీమీటర్లు

ఆ మెత్తటి బంకనేల మీద ఎనిమిది అంతస్తుల ఆసుపత్రి లేవాలి. లేవాలంటే ముందు నేల కుంగాలి. అందుకని లోపలికి నీరు లాగే పొడవాటి పట్టీలు దించి, పైన రెండు నిలువుల ఎత్తున మట్టి పోశారు. ఆ బరువుకి అడుగున ఉన్న నీళ్ళు పట్టీల వెంట పైకొచ్చి, చుట్టూ తవ్విన కాలవల్లో పడి పోతాయి. నేల బిగుసుకుంటుంది. అప్పుడు మట్టి తీసేసి పునాది వేస్తారు.

ఎంత కుంగిందో చూసేవాడు ఒకడుండాలి కదా. లారీవాళ్ళు అతన్ని కొలతల బావ అనేవారు. మట్టి అడుగున పరిచిన ఇనుప పలకల నుంచి గొట్టాలు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. రోజూ పొద్దున్నే వాటి ఎత్తు చూసి పుస్తకంలో రాయడం అతని పని. వరసగా ఏడు రోజులు, రోజుకి ఒక మిల్లీమీటరుకి మించి దిగకుంటే పని తీరినట్టే, ఇంటికి పోవచ్చు.

ఇల్లు విడిచి తొమ్మిది నెలలు. మంచం పట్టిన తల్లిని వదిలి భార్య కదల్లేదు. సాయంత్రం ఫోను చేస్తే తిన్నారా అని అడగడం ఆమె ఎప్పుడో మానేసింది. ఇవాళెంత దిగింది అనే అడిగేది. ముప్ఫై అన్న రోజుల్లో నిట్టూర్చేది. రెండు అన్ననాడు నవ్వింది. ఆ నవ్వు విన్నాక అతను ఊరి బస్సు వేళలు కనుక్కున్నాడు.

ఆరు రోజులు ఒకటి లోపే వచ్చింది. సంచి సర్దుకున్నాడు. ఏడో పొద్దున మూడో గొట్టం నాలుగు చూపించింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. నాలుగే. పక్కనే కొత్త దిబ్బ. అవతలి మూల గుంటలో పొయ్యమన్న మట్టి, అంతదూరం పోవడానికి బద్ధకించి లారీవాడు రెండు లోడ్లు అక్కడే కుమ్మరించి పోయాడు.

నిలదీస్తే వాడు తల గోక్కున్నాడు.

"కొండ మీద పిడికెడు మట్టి, ఏమైపోతుంది బావా? ఒకటని రాసెయ్. నేల వచ్చి సాక్ష్యం చెబుతుందా ఏంటి?"

కొలతల బావ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఒక్క గీత గీస్తే రేపు బస్సెక్కొచ్చు. ఎల్లుండికి ఆమె ఎదురుగా ఉంటుంది. కానీ రెండు లోడ్లకే ఇంత దిగిన నేల, అన్ని అంతస్తుల్ని ఏం మోస్తుంది? మంచాల మీద మనుషులుంటారు అక్కడ.

నాలుగు అని రాశాడు. ఇంజనీరు చూసి, ఆ మట్టిని కూడా ఉండనివ్వమని, ఇంకో మూడు వారాలు చూద్దామని అన్నాడు.

సాయంత్రం ఫోను తీస్తూనే ఆమె అడిగింది.

"ఇవాళెంత?"

"నాలుగు. మూడు వారాలు పడుతుందట."

 

"మీ చొక్కాలు ఉతికి బయట పెట్టుకున్నాను," అంది. "మళ్ళీ పెట్టెలో పెట్టేస్తాలెండి. ఒక్కటి మాత్రం ఉంచుకుంటాను."

ఏది అని అడుగుదామనుకున్నాడు. పుస్తకం తెరిచి రేపటి తేదీ వేసుకున్నాడు.