పయనం మూట

లాంచీ రేవుకు ఇంకా పది గజాల దూరంలో ఉండగానే బీరప్ప కుడిచెయ్యి పైకెత్తాడు. లాంచీ నడిపే ఏసోబు మోకు విసిరాడు. తడిసి బరువెక్కిన ఆ తాడు గాలిలో వంకర తిరిగి వచ్చి ఎప్పటిలాగే బీరప్ప అరచేతిలో పడింది. దాన్ని గుంజి రాతి స్తంభానికి మూడు చుట్లు చుట్టి, కొసను కాలికింద తొక్కిపట్టి ముడి బిగించాడు. గోడకు ఆనించిన టేకుపలకను భుజాన వేసుకొచ్చి ఒక కొన రేవు మీద, రెండో కొన లాంచీ అంచు మీద వేశాడు. దాని మీద తనే నిలబడి ఒకసారి ఊగి చూశాడు. తర్వాత వెనక్కి వచ్చాడు. లాంచీలో మాత్రం అడుగు పెట్టలేదు.

రెండేళ్లుగా అతని పని ఇదే. నందికొండ రేవులో మోకు పట్టడం, పలక వేయడం, నీళ్ల నడుమ ఉన్న నాగార్జునకొండను చూడబోయేవాళ్లకు చెయ్యి అందించి ఎక్కించడం, సాయంత్రం అదే చేత్తో దించడం. ఎన్ని వేలమంది ఆ చెయ్యి పట్టుకున్నారో లెక్కలేదు. దిగాక ఆ చెయ్యి ఎవరిదో ఒక్కరికీ గుర్తుండదు. ఉండాలని బీరప్ప అనుకోనూ లేదు.

మనిషి పొట్టి. మెడ మాత్రం ఎద్దు మెడలా లావు. నడినెత్తిన అరచేయంత మేర వెంట్రుకలు లేవు. అది బట్టతల కాదు. చుట్టకుదురు పెట్టి, దాని మీద రాయి పెట్టి, పదేళ్లు ఆనకట్ట మీదికి ఎక్కినందుకు మిగిలిన గుర్తు. మక్తల్ దగ్గరి పల్లెలో అతనికి ఒకప్పుడు గొర్రెల మంద ఉండేది. కరువు వచ్చింది, దాని వెనక రోగం వచ్చింది, మంద పోయింది. కర్ర, గొంగడి, పెళ్లాం మిగిలారు. ఆ ముగ్గురితో పాలమూరు కూలీల లారీ ఎక్కి నందికొండకు వచ్చిపడ్డాడు. మొదట కర్ర విరిగింది, తర్వాత గొంగడి చిరిగింది. పెళ్లాం బక్కమ్మ మాత్రం పేరుకే బక్క. అతనితో సమానంగా సున్నం తట్టలు మోసింది. ఉన్న ఒక్క బిడ్డను మక్తల్‌లోనే ఇచ్చారు.

ఆనకట్ట లేచింది. నీళ్లు నిలిచాయి. కింద లోయలోని పల్లెలు, దారులు, పొలాలు అన్నీ మునిగి ఒక్క కొండ తల మాత్రం పైన మిగిలింది. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడివాళ్లో వచ్చేవారు. బీరప్పకు మొదట్లో నవ్వొచ్చేది. కొండను చూడటానికి టిక్కెట్టేమిటి, ఊరి చుట్టూ కొండలేగా అని.

సాయంత్రం దిగేవాళ్లను అడిగేవాడు, "ఏముంది సార్ ఆడ?" అని. ఒకరు పాతకాలపు రాళ్లన్నారు. ఒకరు బొమ్మలన్నారు. ఒకాయన ఎండ అన్నాడు. కిందటి చలికాలం ఒక ముసలి టీచరమ్మ, భర్త భుజం పట్టుకుని దిగుతూ చెప్పింది, "ఏమీ చూళ్లేదు నాయనా. ఊరికే కూర్చున్నాం. చుట్టూ నీళ్లు, మంచి గాలి. ఊరికే కూర్చుని వచ్చేశాం."

ఆ మాట బీరప్ప లోపల దిగబడింది. ఊరికే కూర్చోవడం! అతను కూర్చున్నాడు, కాదనడు. గొర్రెల కాపలాకు కూర్చున్నాడు, కూలికి పిలుస్తారని కూర్చున్నాడు, దవాఖాన ముందు వంతు కోసం కూర్చున్నాడు. బక్కమ్మ పక్కన, ఏ పనీ లేకుండా, ఎవరూ 'ఏయ్' అని పిలవలేని చోట, నీళ్ల వంక చూస్తూ కూర్చున్న రోజు ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆ రోజు నుంచి అతనికి ఆ కొండ మీద మనసు పడింది. కడుపులో ఆకలిలాంటి కోరిక. తిన్నా తీరేది కాదు.

ఇంట్లో చెప్పాడు. బక్కమ్మ రొట్టె తట్టడం ఆపి చూసింది.

"ఏ దేవునికి మొక్కినవ్?"

"ఏ దేవునికీ లేదే. ఊరికెనే."

"ఊరికెనే ఎవలన్న పోతరా? జాతరకు పోతం, పెండ్లికి పోతం, సావుకు పోతం. గదేంది, ఏం పని లేక నీళ్ల మీద పోవుడు?"

"మనం రాళ్లు మోస్తెనే గద గా నీళ్లు నిలిచినయ్. మనం చేసిన నీళ్ల మీద మనం పోవద్దా?"

బక్కమ్మ మళ్లీ రొట్టె అందుకుని మరింత గట్టిగా తట్టింది. ఆ రోజు రొట్టెలు పలచగా వచ్చాయి.

ఒప్పించడానికి ఏడాది పట్టింది. ఏసోబు ఎన్నోసార్లు అన్నాడు, "మామా, అత్తను తీసుకొని ఎక్కరాదూ. నిన్ను టిక్కెట్టడిగే మొగోడెవడు?" అని. బీరప్ప ఒప్పుకోలేదు. వంగి వంగి దొంగతనంగా ఎక్కడం అతనికి వద్దు. టిక్కెట్టు కొనాలి, బెంచీ మీద కూర్చోవాలి, పలక ఇంకెవరో వేయాలి, ఎక్కేటప్పుడు ఎవరో ఒకరు తనకు చెయ్యి అందించాలి. అదీ అతని పంతం. అందుకోసం బీడీ మానేశాడు. చెవి మీద బీడీ లేని ఖాళీని వేలితో తడుముకునే అలవాటు మాత్రం మానలేకపోయాడు. మిగిలిన డబ్బుతో టిక్కెట్లకు పోను ఒక జత కిర్రుచెప్పులు కుట్టించాడు. మంద ఉన్నప్పుడు అలాంటివే తొడిగేవాడు. మంద పోయాక చెప్పులూ పోయాయి. తడిసిన పలక మీద వట్టి కాళ్లే నయం కాబట్టి రేవులోనూ వేసుకోలేదు.

"గీ చెప్పులేసుకొని పోతే కొండమీది రాతిబొమ్మలు లేసి దండం వెడ్తయ్‌లే" అని బక్కమ్మ ఎగతాళి చేసింది. బీరప్ప వాటిని వేసుకుని గుడిసెలో మూడు అడుగులు నడిచాడు. కిర్రు, కిర్రు, కిర్రు. విప్పి అడుగులు తుడిచి పెట్టేశాడు. కొండ మీద దిగాకే తొడగాలని అనుకున్నాడు.

తీరా రోజు దగ్గర పెద్ద చిక్కొచ్చింది. కొత్త చోటికి మొదటి పయనం శుక్రవారమే బయలుదేరాలని బక్కమ్మ పట్టు. శుక్రవారం లాంచీకి సెలవు. ఆదివారం జనం ఎక్కువ, బీరప్పకు సెలవు దొరకదు. దొరికింది సోమవారం. అయితే బక్కమ్మ పుట్టింటివైపు ఇలాంటి చిక్కుకు ఒక ఉపాయం ఉంది. మంచిరోజున పయనం మూట కట్టి, ముందుగా గడప దాటించి, దారిలో ఒకచోట ఉంచుతారు. మూట కదిలిందంటే మనుషులు బయలుదేరినట్టే. తర్వాత వీలైన రోజు వెళ్లి అందుకోవచ్చు. ఒక్కటే కట్టుబాటు. పయనం పూర్తి కానిదే ఆ మూట మళ్లీ ఇంటికి రాకూడదు.

మొన్న శుక్రవారం పొద్దున్నే ఆమె మూట కట్టింది. అతని ఉతికిన ధోవతి, తన పెళ్లినాటి ఎర్రచీర, నడుమ కిర్రుచెప్పులు. ముడికి పసుపు కుంకుమ పెట్టి, నెత్తిన పెట్టుకుని రేవుకు తెచ్చి, మోకులు దాచే రేకుల షెడ్డులో మేకుకు తగిలించింది. "నువ్వు ముంగల నడువు, ఎనుక మేమొస్తం" అని మూటతో చెప్పింది. బీరప్పకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నవ్వితే మూట విప్పేస్తుందని భయం.

ఈరోజు ఆదివారం. పొద్దుటి నుంచి రేవు జాతరలా ఉంది. మధ్యాహ్నం లాంచీ వెళ్లాక గేటు కాపలా నర్సింహను పిలిచి పలక వేయడం నేర్పాడు. రేపు అతని బదులు నర్సింహే నిలబడతాడు.

"జూడు నర్సింహా. ముసలోళ్లు ఎక్కేటప్పుడు రెక్క వట్టి గుంజొద్దు. అరచెయ్యి సాపి నిలవడు. ఆళ్లే వట్టుకుంటరు."

"ఎక్కేది నువ్వే గదనే. నిన్ను మోసుకుపోవాల్నా ఏంది?"

"నన్ను గాదు. బక్కికి నీళ్లంటే బుగులు. జర పైలం."

నర్సింహ అరచెయ్యి చాపాడు. బీరప్ప దాన్ని పట్టుకుని పలక మీద రెండడుగులు వేసి చూశాడు. ఇంకొకరి చెయ్యి పట్టుకుని నడవడం కొత్తగా ఉంది. సిగ్గు కూడా వేసింది.

అన్నం వేళకు బక్కమ్మ సద్ది తెచ్చింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. తింటున్నంతసేపూ రేపటి మాటలే.

"ఎడమదిక్కు కూసుందం. ఎండ వడదు" అన్నాడు.

"ఆడ తాగనీకి నీళ్లుంటయా?"

"సుట్టూ ఏముందనుకున్నవే?"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే బీరప్ప రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. పొద్దుటి నుంచి అక్కడ ఎవరో రాయి పెట్టినట్టుంది. పులుసు పడలేదేమో అన్నాడు. జర ఒరగరాదా అంది ఆమె. రేపు రోజంతా కూర్చునేదేగా అన్నాడు. ఆమె ఖాళీ గిన్నె తీసుకుని వెళుతూ షెడ్డు దగ్గర ఆగి, మూట ముడి వదులైందేమో చూసి బిగించింది.

సాయంత్రం ఎండ నీళ్ల మీద పసుపు రంగు తిరిగింది. చివరి లాంచీ రావడానికి ఇంకా సమయముంది. బీరప్ప మోకు కట్టే స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు. దూరంగా కొండ కనిపిస్తోంది. రేపు ఈ వేళకు అక్కడి నుంచి ఇటు చూస్తాడు. ఇక్కడి స్తంభం అక్కడికి కనిపిస్తుందా? కనిపించదేమో. కనిపించకపోతేనే బాగుంటుందని అనుకున్నాడు. గాలి మెత్తగా వస్తోంది. చెవి మీద బీడీ ఉండే చోటును వేలితో తడుముకున్నాడు. ఇదిగో, ఇట్లా కూర్చోవాలి, పక్కన బక్కి ఉండాలి, అంతే అనుకున్నాడు.

లాంచీ వచ్చింది. పది గజాల దూరంలో ఏసోబు మోకు విసిరాడు. గాలిలో వంకర తిరుగుతూ వచ్చి అది నీళ్లలో పడింది.

రెండేళ్లలో మోకు నీళ్లలో పడటం అదే మొదలు. "మామా, నిద్రవోయినవా?" అని ఏసోబు అరిచాడు. బీరప్ప స్తంభానికి ఆనుకుని కొండ వైపే చూస్తున్నాడు. నర్సింహ పరుగెత్తుకొచ్చి భుజం మీద చెయ్యి వేస్తే మెల్లగా పక్కకు ఒరిగాడు.

బక్కమ్మ పెద్దగా ఏడవలేదని చుట్టుపక్కల గుడిసెలవాళ్లు అనుకున్నారు. ఆమె ఒక్క మాటే పదేపదే అంది. "మూటను నేనే ముంగల తోలితి. మనిషి దానెనుకనే పోయిండు." అది కాదని ఎంతమంది చెప్పినా ఆమె చెవికెక్కలేదు.

పదకొండో దినం అయిపోయింది. మక్తల్ నుంచి వచ్చిన బిడ్డ తల్లిని తనతో తీసుకుపోతానంది. సామాను ఎంతో లేదు, ఒక్క పూటలో కట్టేశారు. "అవ్వా, రేవుల మూట ఉన్నదంట గద, తెద్దునా?" అని బిడ్డ అడిగింది.

"తేవొద్దు. పయనం గాక అది ఇంటికి రాదు" అంది బక్కమ్మ. "రేపు నేనే వోయొస్త. ఎల్లుండి పోదం మీ ఊరికి" అంది. ఒంటరిగా ఎందుకని బిడ్డ అడిగితే, "ఒక్కదాన్నేం గాదు" అంది.

మరునాడు టిక్కెట్టు కొంది. ఒక్కటి కాదు, రెండు. షెడ్డులోకి వెళ్లి మేకు నుంచి మూట దించి నెత్తిన పెట్టుకుంది. పలక దగ్గరికి వచ్చి నీళ్లను చూసి ఆగిపోయింది. నర్సింహ రెక్క పట్టలేదు. అరచెయ్యి చాపి నిలబడ్డాడు. బక్కమ్మ ఆ చేతిని చూసింది. ఎవరు నేర్పారో ఆమెకు తెలియదు కానీ, ఆ చెయ్యి చాచిన తీరు ఎవరిదో తెలిసింది. అప్పుడు ఏడ్చింది, రేవంతా వినేట్టు. ఏడుస్తూనే ఆ చెయ్యి పట్టుకుని ఎక్కి, ఎడమవైపు బెంచీ మీద కూర్చుంది. పక్కన మూటను పెట్టింది. జనం చాలామంది ఉన్నారు. ఆ చోటు ఎవరూ అడగలేదు. అడిగితే చూపించడానికి రెండో టిక్కెట్టు ఆమె గుప్పిట్లో ఉంది.

కొండ మీద దిగాక అందరూ రాళ్లు, బొమ్మలు చూడబోయారు. ఆమె పోలేదు. నీళ్లకు దగ్గరగా ఒక బండ చూసుకుని కూర్చుంది. ఆనకట్ట ఎక్కడో గీతలా ఉంది. గాలి మంచిగానే ఉంది. ఎవరూ ఏ పనికీ పిలవలేదు. "ఇంతేనా, గిందుకేనా" అంది ఒకసారి పైకే. కాసేపటికి మళ్లీ, "మంచిగనే ఉన్నదయ్యా" అంది.

లాంచీ కూత వేసింది. బక్కమ్మ లేచింది. మూట విప్పి, చీర, ధోవతి మాత్రం మళ్లీ మూట కట్టింది. పయనం అయిపోయింది, ఇక అవి ఇంటికి రావచ్చు. దిగువకు నడుస్తూ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

బండ మీద కిర్రుచెప్పులు రెండూ పక్కపక్కన, నీళ్ల వైపు తిరిగి ఉన్నాయి; అడుగులకు ఇంకా మట్టి అంటలేదు.