జాకబ్ విమానానికి కండక్టరు

రాయదుర్గం డిపోలో ఇరవై తొమ్మిదేళ్లు బస్సు తోలిన జాకబ్‌కు కుడికన్ను మసకబారిందని డాక్టరు తేల్చినప్పుడు, రిటైరు కావడానికి ఇంకా నాలుగేళ్లుంది. స్టీరింగు మీది నుంచి దింపి డిపో గేటు దగ్గర కూర్చోబెట్టారు. జీతం తగ్గలేదు, మాట అన్నవాడూ లేడు. కానీ పొద్దున్నే గోడకు అంటించే డ్యూటీ చార్టులో తన పేరు లేకపోవడం ఉందే, అది మాత్రం ఆయనకు ఆ నాలుగేళ్లూ మింగుడు పడలేదు. కన్ను బాగానే ఉంది, ఆ డాక్టరుకే చూడటం రాదు అని కనపడిన ప్రతివాడికీ చెప్పేవాడు.

రిటైరైన రెండో ఏడు కూతురు సారా, తాను సూపర్‌వైజరుగా ఉన్న జీన్సు కుట్టే యూనిట్లో మూలపడిన కంప్యూటరును ఇంటికి తెచ్చింది. అందులో విమానం నడిపే ఆట ఒకటి ఎక్కించి ఇచ్చింది. ఆట అంటే జాకబ్ ఒప్పుకోడు. అసలు విమానంలో ఉండే మీటర్లన్నీ తెరమీద ఉంటాయి, ఎదురుగాలి ఉంటుంది, వాన ఉంటుంది, తప్పు చేస్తే కూలుతుంది. దాన్ని ఆటంటే ఎట్లా?

ఇట్లా ఇళ్లలో కూర్చుని విమానాలు నడిపేవాళ్లకు ఫోన్లో ఒక గ్రూపుందని తెలిసింది. సోమవారం సోమవారం అందులో చార్టు పెడతారు. ఫలానా పేరు, ఫలానా రూటు, ఫలానా టైము. ఆ చార్టు చూడగానే జాకబ్‌కు ప్రాణం లేచొచ్చింది. అందులో పేరెక్కాలంటే పరీక్ష ఉంది. డెబ్బై సీట్ల విమానాన్ని బెంగళూరులో లేపి తిరుపతిలో దింపాలి. బెంగళూరులో ఉండే తేజ అనే ఇంజినీరు తన కంప్యూటర్లో చూస్తూ, మైకులో వింటూ మార్కులేస్తాడు.

"ఆ చార్టులో నా పేరుండాల సారా," అన్నాడు జాకబ్. ఆ రాత్రి దేవుణ్ణీ అదే అడిగాడు. అంతకుముందు ఏమీ అడగలేదని కాదు గానీ, అంత గట్టిగా అడగడం మాత్రం అదే మొదలు.

చిక్కంతా కీబోర్డుతో వచ్చింది. చక్రాలకు ఒక అక్షరం, లైట్లకు ఒక అక్షరం, రెక్కల అంచులు దించడానికి ఇంకో మీట. చక్రాలు ముడవబోయి ఇంజను ఆపేసేవాడు. మూడు రోజుల్లో పదకొండు విమానాలు కూల్చాడు.

"బస్సులో నేను ఎప్పుడన్నా స్విచ్చిలు సూసి ఏసినానా? చేత్తో తడిమితే తెలియాల అంతే," అని కీబోర్డును తోసేశాడు.

సారా ఫోన్లో వెతికింది. ఈ బాధ పడేవాళ్లు లోకమంతా ఉన్నారట. ఏదో ఒక పెట్టె తీసుకుని, దానికి స్విచ్చులు బిగించి, లోపల చిన్న బోర్డు ఒకటి పెట్టి, తీగతో కంప్యూటరుకు తగిలిస్తారు. దాన్ని బటన్ బాక్సు అంటారు. పెట్టెమీద స్విచ్చి వేస్తే కీబోర్డు మీద అక్షరం నొక్కినట్టే. సారా బోర్డు తెప్పించింది. స్విచ్చుల కోసం జాకబ్ పాత బస్సులు విడగొట్టే చోటికి పోయి, హెడ్‌లైటు మీట, వైపరు మీట, గేరు కడ్డీ మీది నల్ల గుండు, ఇంకా ఏవేవో సంచినిండా తెచ్చుకున్నాడు. పెట్టె ఒక్కటే తక్కువైంది. దాన్ని అంజినప్ప తెచ్చాడు.

అంజినప్ప కండక్టరు. పదిహేడేళ్లు ఇద్దరిదీ ఒకటే బస్సు. ఆయన తెచ్చింది తన టికెట్ల పెట్టె, మూలలు సొట్టలు పడిన అల్యూమినియం పెట్టె.

"దీనికి బెజ్జాలు వెయ్యాలప్పా," అన్నాడు జాకబ్ మొహమాటపడుతూ.

"ఎయ్యి. ఇంట్లో దీంట్లో ఉల్లిగడ్డలు పోస్తాండారు. అంతకన్నా ఇదే నయం," అన్నాడు అంజినప్ప. అన్నాడే గానీ డ్రిల్లింగు మిషను మోగుతున్నంతసేపూ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

వారం రోజులు ఇల్లంతా సీసం పొగ. సారా తీగలు అతికించి, జీన్సు కుట్టే దారంతో కట్టలు కట్టింది. ప్యాంట్లకు కొట్టే రాగి రివెట్లు తెచ్చి స్విచ్చుల పక్కన అంటించింది. ఒక రివెట్టు తగిలితే లైట్లు, రెండు తగిలితే రెక్కల అంచులు, మూడు తగిలితే బ్రేకు. చక్రాలకు మాత్రం గేరు గుండు. మొదటిసారి తగిలించి గుండు పైకి లాగితే, తెరమీద విమానం చక్రాలు బుద్ధిగా లోపలికి ముడుచుకున్నాయి. జాకబ్ వేసిన కేకకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు.

"అంతా బాగుండాది గానీ జాకబన్నా, నాకేమి పని?" అన్నాడు అంజినప్ప.

"నువ్వు చదవప్పా. స్పీడెంత, ఎత్తెంత, ఆ సన్న అక్షరాలు చదివి చెప్పు. నాకు అద్దాలు మార్చాల," అన్నాడు జాకబ్. అద్దాలు మార్చినా ప్రయోజనం లేదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

ఇంకో పని కూడా దానంతట అదే బయటపడింది. విమానం రన్‌వే మీద నిలబడింది, ఇంజన్లు తిరుగుతున్నాయి, జాకబ్ చెయ్యి మాత్రం కదలదు. అర నిమిషం చూశాక అంజినప్పకు సంగతి తెలిసిపోయింది. నోటితో "రైట్ రైట్" అన్నాడు. విమానం కదిలింది. మర్నాడే పెట్టె మూలకు ఒక సైకిలు బెల్లు బిగించారు. రెండు కొడితే పోవాలి, ఒకటి కొడితే ఆపాలి. బస్సులో ఇంతకు మించిన చట్టం లేదు. ఇరవై తొమ్మిదేళ్లూ జాకబ్ ఆ బెల్లును చెవులతో కాదు, కాళ్లతో విన్నాడు.

పరీక్ష ఆదివారం. చర్చి నుంచి రాగానే జాకబ్ కూర్చున్నాడు. రెండు బెల్లులు పడ్డాయి. బెంగళూరులో విమానం వెన్నముద్దలా లేచింది. అంజినప్ప అంకెలు చదివాడు, జాకబ్ రివెట్లు తడిమాడు, తేజ రెండుసార్లు "బాగుంది అంకుల్" అన్నాడు. తిరుపతి కనపడింది. చక్రాలు దిగాయి. అప్పుడు తేజ మైకులో అడిగాడు, "అంకుల్, విమానంలో ఎంతమంది ఉన్నారో చెప్పండి." పైలట్లను అడగాల్సిన ప్రశ్నే అది.

ఆ ప్రశ్నతో అంజినప్పలో నిద్రపోతున్న కండక్టరు లేచి కూర్చున్నాడు.

"అరవై ఎనిమిది, అందులో అర టికెట్లు నాలుగు," అన్నాడు ఠక్కున. అన్నవాడు ఊరుకున్నాడా? తల వెనక్కి తిప్పి, "తిరుపతి, తిరుపతి! దిగేటోళ్లు ముందుకు రాండి!" అని అరిచి, టంగుమని ఒక బెల్లు కొట్టాడు.

అప్పటికి విమానం నేలకు మూడు వందల అడుగుల ఎత్తున ఉంది. జాకబ్ ఆలోచించలేదు. కాలు అక్కడ లేని బ్రేకును తొక్కింది, చెయ్యి ఇంజన్ల మీటను కిందికి లాగేసింది. రన్‌వే ఇంకా అర కిలోమీటరు ఉండగానే విమానం పొలంలో పడింది.

"అదేం శబ్దం అంకుల్?" అన్నాడు తేజ మైకులో. సంగతి విని నవ్వాపుకోలేక, వచ్చే ఆదివారం ఇంకో అవకాశం ఇస్తానన్నాడు. "అదే ఆఖరుది. ఆ బెల్లు మాత్రం తీసెయ్యండి."

"అరవై ఎనిమిది మందిని సంపితివి గదప్పా!" అన్నాడు జాకబ్. కోపంలో అన్నమాట. అంజినప్ప చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నాలుగు రోజులు రాలేదు.

ఆ నాలుగు రోజులూ జాకబ్ ఒక్కడే కూర్చున్నాడు. బెల్లు విప్పేశాడు. చెయ్యి బలవంతంగా కదిలించి విమానాన్ని లేపాడు. కానీ గాల్లోకి పోయాక తెరమీద అంకెలు ఆయనకు గచ్చు మీద పారబోసిన ఆవాలే. ఎత్తు తెలియక కొండకు కొట్టాడు. స్పీడు తెలియక చెరువులో ముంచాడు. గురువారం సాయంత్రం లేచి, చొక్కా మార్చుకుని, అంజినప్ప ఇంటికి పోయాడు.

"యాడికన్నా ఇట్లొచ్చినావు?" అన్నాడు అంజినప్ప, ముఖం చూడకుండా.

"బండి ఆడనే నిలబడి ఉండాది. రైట్ చెప్పేవాడు లేడు," అన్నాడు జాకబ్. క్షమాపణ అడగడం ఇద్దరికీ చేతకాని పని కాబట్టి, కాఫీ తాగి వచ్చేశారు.

రెండో ఆదివారం జాకబ్ ముందే చెప్పేశాడు. "సార్, బెల్లు మళ్లా బిగించినా, ఉంటాది. అది లేకుండా నాకు బండి కదల్దు." తేజ రూల్సు చూశాడు. బెల్లు గురించి అందులో ఏమీ లేదు. "పక్కనాయన అంకెలు చదివినా పర్లేదు, కానివ్వండి," అన్నాడు. రెండు బెల్లులు పడి విమానం నేల విడవగానే సారా బెల్లు గిన్నె విప్పి ఒడిలో పెట్టుకుంది. అంజినప్ప రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుని అంకెలు చదివాడు. "నూటా ఇరవై. నూటా పదహైదు. ఎత్తు యాభై. ముప్పై. పది." చక్రాలు తిరుపతి రన్‌వేను తాకాయి. తేజ చప్పట్లు మైకులో వినిపించాయి.

సోమవారం పొద్దున చార్టు వచ్చింది. అంజినప్ప ఫోను అందుకుని గట్టిగా చదివాడు. "కె. జాకబ్. బెంగళూరు టు తిరుపతి. శనివారం సాయంత్రం ఆరు గంటలు. వచ్చిందన్నా నీ పేరు!"

జాకబ్ ముఖం వెలిగిపోయింది. "ఇంగా?" అన్నాడు.

"ఇంగా ఏముండాది? కింద వేరేవాళ్లది, వేరే విమానం."

జాకబ్ ఫోను తీసుకుని తేజకు చేశాడు.

"సార్, చార్టు తప్పుండాది. కండక్టరు పేరు లేదు."

తేజ నవ్వాడు. "అంకుల్, విమానానికి కండక్టరు ఉండడు. మా చార్టులో అట్లాంటి గడే లేదు."

"అట్లయితే నా పేరు కూడా కొట్టెయ్యండి."

"నీకేమన్నా తిక్కనా!" అని అంజినప్ప లేచాడు. "ఇన్నేండ్లు ఈ పేరు కోసం గదన్నా నువ్వు ఏడ్చింది? నా పేరెందుకు ఆడ?" సారా తండ్రి చెయ్యి పట్టుకుంది. జాకబ్ ఇద్దర్నీ ఆగమన్నాడు.

"సార్, నాకు కుడికన్ను కనపడదు," అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. "ఎడమది కూడా అంతంత మాత్రమే. నన్ను స్టీరింగు దించిన డాక్టరు చెప్పింది నిజమే. నేనే ఒప్పుకోలేదు. నిన్న ఆ విమానాన్ని నేనొక్కణ్ణి దించలేదు సార్. కళ్లు వాడివి, చేతులు నావి. మందిని ఎక్కించుకునే బండికి నా ఒక్కడి పేరు రాసుకుంటే అది అబద్ధం. అబద్ధం చెప్పి నేను ఎప్పుడూ బండి తోలలేదు."

అవతల తేజ నవ్వడం ఆపేశాడు. "సరే అంకుల్, పది నిమిషాలు ఆగండి," అని పెట్టేశాడు.

ఆ పది నిమిషాలూ జాకబ్ పెట్టెమీది రివెట్లు తడుముతూ కూర్చున్నాడు. ఫోను టింగుమంది. అంజినప్పే తీశాడు. "కె. జాకబ్. బెంగళూరు టు తిరుపతి," అని మొదలుపెట్టి, రెండో వరుస దగ్గర ఆగిపోయాడు. సారా ఫోను అందుకుని తక్కినది చదివింది. "అంజినప్ప, కండక్టరు."

అంజినప్ప కళ్లు తుడుచుకున్నాడు, తుడుచుకున్నట్టు ఎవరికీ తెలియకూడదని ముక్కు కూడా తుడుచుకున్నాడు.

"శనివారం నేను అయిదున్నరకే వస్తానన్నా," అన్నాడు. "మంది ముందుగానే వచ్చి కూర్చుంటారు."