తడి వేలు

రాసుకోమ్మా, మెల్లిగా చెప్తాను. నా నోరు ఎద్దుబండి, నీ పెన్ను రైలు. తొందరపడకు.

మీ అమ్మా నేనూ ఇస్త్రీ కొట్టు మీదే బతికాం కదా. పెట్టె కాగిందో లేదో చూడ్డానికి మీ అమ్మకి ఒకటే పద్ధతి. వేలు నాలిక మీద తడుపుకుని, పెట్టె అడుగుకి అలా తాకించి లాగేసేది. చుయ్యిమంటే కాగినట్టు. కొట్టు మూసేసినా ఆ వేలు మానలేదు. పెనానికీ అదే, పాలగిన్నెకీ అదే. నిప్పేదో తన మేనమామైనట్టు, ఒక్కసారీ చెయ్యి కాల్లేదు.

మీ అన్న కూతురు బుడంకాయ పగలంతా మా దగ్గరే కదా. మాటలింకా సరిగ్గా రాలేదు గానీ మనం ఏం చేస్తే అది చేస్తుంది. నేను తుమ్మితే తనూ తుమ్ముతుంది.

ఆ సాయంత్రం నేను టీ గ్లాసు బల్ల అంచున పెట్టి కళ్లజోడు వెతుక్కుంటున్నాను. జోడు నెత్తిమీదే ఉందనుకో. బుడంకాయ వచ్చి, వేలు నోట్లో పెట్టుకుని తడిపి, పెద్ద పనిమంతురాలిలా గ్లాసులో ముంచింది. ఇల్లెగిరిపోయేలా కేక!

మీ వదిన అప్పుడే ఆఫీసు నుంచి వచ్చింది. చెప్పులతోనే పరిగెత్తి, పిల్లనెత్తుకుని ఆ వేలు పంపు కింద పెట్టింది. మీ అమ్మ పళ్లపేస్టు పట్టుకొచ్చింది.

"పేస్టు పళ్లకి అత్తయ్యా, వేలికి కాదు. చల్లనీళ్లు చాలు."

"ఎంతసేపే? పిల్లకి జలుబు చేస్తుంది!"

"చేస్తే తగ్గుతుందిలెండి."

నేను వెళ్లి మళ్లీ మళ్లీ చూసొచ్చాను, వేలింకా నీళ్ల కిందే ఉంది. ఎర్రబడింది గానీ బొబ్బ రాలేదు.

అన్నాల దగ్గర మీ వదిన అరవలేదు. అరిచినా బాగుండేది.

"అత్తయ్యా, టీ కాబట్టి సరిపోయింది. రేపు ఇస్త్రీ పెట్టె అయితే? వచ్చే వారం నుంచి దీన్ని డే కేర్‌లో వేసేస్తాను."

మీ అమ్మ చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. ఆ పిల్ల లేని పగలంటే దానికి ఉప్పులేని కూరే.

"అది నేర్చుకుంది నా దగ్గరే కదా. ఆ వేలు మానేస్తాను. ఈ వారం చూడు."

"నలభై ఏళ్ల అలవాటు అత్తయ్యా."

"నలభై ఏళ్లు మీ మావయ్యనే భరించాను. వేలెంత!"

మర్నాటి నుంచీ ఇంట్లో అన్నీ మారిపోయాయి. నా గ్లాసు బల్ల మధ్యకి జరిగింది. పొయ్యి మీద గిన్నెల కాడలు గోడవైపు తిరిగాయి. మారంది వేలొక్కటే. దాని పాటికది నాలిక దాకా వెళ్లిపోయేది.

"ఏమే, వేలు!" అని నేను అరిచేవాణ్ణి.

"చూశాన్లెండి!"

చివరికి విసుగొచ్చి, వేడి చూడాల్సినప్పుడల్లా ఒక చేత్తో రెండో చేతిని వీపు వెనక గట్టిగా పట్టుకునేది. తనిఖీకొచ్చిన పోలీసులా పొయ్యి ముందు నిలబడి, "వేడా?" అని పెనాన్నే అడిగేది. పెనం ఏం చెప్తుంది? నేనే "వేడే" అనేవాణ్ణి.

ఆదివారం మీ వదిన చొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది. ఫోన్ మోగితే స్విచ్ కట్టేసి గుమ్మం దాకా వెళ్లింది. పెట్టె ఇంకా కాలుతూనే ఉంది. బుడంకాయ తిన్నగా దాని దగ్గరికి నడిచింది. నేను లేద్దామంటే ఈ మోకాళ్లు కదలవే! మీ అమ్మ వంటింటి గడపలో కొయ్యైపోయింది. మీ వదిన ఫోన్ చెవి దగ్గరే ఉండిపోయింది.

పిల్ల పెట్టె ముందు ఆగింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. బొజ్జ ముందుకి పెట్టి అడిగింది.

"వేడా?"

"వేడే తల్లీ, వేడే," అంది మీ వదిన.

పిల్ల తలూపి, వెనక్కి తిరిగి, చక్కా పోయింది.

మీ వదిన ముందు పెట్టెని ఎత్తి పై అరలో పెట్టింది. తీగ కూడా వేలాడకుండా చుట్టేసింది. అప్పుడంది, "డే కేర్ వాళ్లకి ఫోన్ చెయ్యాలి అత్తయ్యా... పిల్లని పంపట్లేదని."

మీ అమ్మ ఆ మాట వింది. లోపలికెళ్లి గిన్నెలు దడదడా తోమింది. సంతోషమొస్తే అంతే అది.

ఇప్పుడు బాధంతా నాది. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే మొహం మీద ఊపిరి తగుల్తుంది. కళ్లు తెరిస్తే బుడంకాయ, చేతులు వెనక్కి కట్టుకుని.

"తాత వేడా?"

వంటింట్లోంచి మీ అమ్మ గొంతు, "లేదమ్మా, ఎప్పుడో చల్లారిపోయాడు. ముట్టుకో!"

అంతే, ముక్కు పట్టుకుని పీకుతుంది.