బజ్జీలకు బదులు

జాన్ బాషా అద్దంకిలో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. నలభై ఆరేళ్లు. పొద్దున షాపులో కూర్చుంటే లేచేది పొద్దు గూకాకే. మందు వాసన కూడా గిట్టని మనిషి. కడుపులో బరువుగా ఉందని స్కానింగు తీయించుకుంటే, కాలేయానికి కొవ్వు పట్టిందని, అదీ రెండో గ్రేడని వచ్చింది.

మోటారు కోసం వచ్చిన మిర్చి రైతు బుల్లయ్య ఆ మాట విని నవ్వాడు.

"ఏరా బాషా, ఎప్పుడు మొదలెట్టావురా? మాకు చెప్పనే లేదు!"

బాషా కూడా నవ్వేశాడు. ఇంట్లో మాత్రం నవ్వలేకపోయాడు. భార్య నజ్మీన్ అన్నం వడ్డించి, మెల్లగా అడిగింది.

"నిజం చెప్పండి. షాపులో తాగుతున్నారా?"

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె అలా అడగడం అదే మొదలు. అతను కంచం ముందు నుంచి లేచిపోయాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "నువ్వే వచ్చి డాక్టరు నోటితో విను" అని ఒంగోలు తీసుకెళ్లాడు.

ఆయన ఏం తింటాడని డాక్టరమ్మ నజ్మీన్‌నే అడిగింది. మూడు పూటలా అన్నం, ఆరేడు టీలు, సాయంత్రం బజ్జీలు, ఎండాకాలం కూల్‌డ్రింకులు అని చెప్పింది నజ్మీన్.

"మందు ముట్టకపోయినా వస్తుందమ్మా ఇది. తీపి మానాలి, అన్నం తగ్గించాలి, రోజూ నడవాలి. సాయంత్రం ఆకలేస్తే బజ్జీలకు బదులు గుప్పెడు బాదం, ఆక్రోటు తినమనండి. దొరక్కపోతే వేరుశనగపప్పులైనా సరే."

మర్నాటి నుంచి నజ్మీన్ బాదం, జీడిపప్పు నేతిలో వేయించి, ఉప్పూకారం చల్లి డబ్బా నిండా ఇచ్చేది. మాట అన్నందుకు ఆమె బాధపడుతోందని బాషాకు తెలుసు. ఒక్క పలుకు మిగల్చకుండా తినేవాడు. బజ్జీల బండి దగ్గరా ఆగేవాడు. నెల తిరిగేసరికి రెండు కిలోలు పెరిగాడు.

"బదులు అన్నానయ్యా, వాటితోపాటు అనలేదు" అని మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరమ్మ విసుక్కుంది. "పప్పుల్లోనూ కొవ్వుంటుంది. గుప్పెడు దాటొద్దు. నెయ్యొద్దు, ఉప్పొద్దు." తర్వాత నజ్మీన్ వైపు తిరిగింది. "ఇద్దరిదీ ఒకే వంట కదా. నువ్వూ ఓసారి చూపించుకో."

స్కానింగులో నజ్మీన్ కాలేయానికీ కొవ్వు కనిపించింది. అతనికంటే తక్కువ, మొదటి గ్రేడు.

ఆసుపత్రి వరండాలో ఆమె రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుంది.

"మిమ్మల్ని అలా అడక్కుండా ఉండాల్సింది" అంది.

"పోనీలే. బస్సు టైమవుతోంది, పద" అన్నాడు బాషా.

బజ్జీలు, తీపి మానేసి, రోజూ నడిచి, ఎనిమిది నెలల్లో అతను ఏడు కిలోలు తగ్గాడు. కాలేయం మొదటి గ్రేడుకు వచ్చింది. పప్పుల వల్లేనా అని నజ్మీన్ అడిగితే, "బరువు తగ్గడం వల్లమ్మా. పప్పులు ఆకలికి అడ్డుపడి సాయం చేశాయి" అంది డాక్టరమ్మ.

నజ్మీన్‌ది మాత్రం తగ్గలేదు. ఇంటి పనితో ఆమెకు నడక కుదరడం లేదు. ఇప్పుడు బాషా తెల్లవారుజామునే లేచి ఇల్లు ఊడ్చి, టీ పెట్టి, ఆమెను లేపుతున్నాడు. ఇద్దరూ పత్తి చేల పక్క రోడ్డు మీద మైలురాయి దాకా వెళ్లి వస్తున్నారు. ఆమె నడక నిదానం. అతను ఆగి ఆగి నడుస్తాడు.