అద్దం వెనక లైటు

పిల్లల ఆసుపత్రిలో ముప్పయ్యేళ్లు ఎలక్ట్రీషియనుగా పనిచేశాను. మెరుపుని పట్టి సీసాలో పోసి బల్బులకు ఎక్కించేవాణ్ణని చెబితే మనవళ్లు నమ్మారు. ఇప్పుడు చెప్పబోయేది నిజం కాబట్టి దీన్ని మాత్రం ఎవరూ నమ్మరు.

మా అక్క కూతురికి అప్పుడు ఆరేళ్లు. మాట లేదు, పిలిస్తే పలకదు, మొహంలోకి చూడదు. ఫ్యాను తిరుగుతుంటే చాలు, తిండి తిప్పలు మానేసి చూసేది. అందుకే పంకారాణి అని పేరు పెట్టాను. ఆసుపత్రిలో ఆటిజం అన్నారు. ఆ రోజుల్లో ఆ మాట తెలిసిన డాక్టర్లే తక్కువ. తల్లి మనసు మంచుగడ్డ కాబట్టే పిల్ల ఇలా అయిందని వాళ్లలో కొందరు పెద్దలు పుస్తకాలు రాశారు. మా పెద్ద డాక్టరు ఆ పుస్తకాలన్నీ నమిలి మింగినవాడు.

ఆయన పరీక్ష ఎలాగంటే, ఆటల గదిలో తల్లీపిల్లా కూర్చుంటారు. గోడకు నిలువెత్తు అద్దం. అందులో వాళ్లకు వాళ్ల మొహాలే కనిపిస్తాయి. దాని వెనక చీకటి గదిలో డాక్టరు కూర్చుని, అద్దంలోంచి వాళ్లను చూస్తూ కాగితం మీద గీతలు పెడతాడు. తల్లి నవ్వితే గీత, దగ్గరకు తీసుకుంటే గీత. మూడు పరీక్షల్లోనూ గీతలు చాలకపోతే, పిల్లను రెండేళ్లు తల్లికి దూరంగా హాస్టల్లో పెట్టాలని రాసేస్తాడు.

మొదటి పరీక్షలో అక్కకు నాలుగే గీతలు వచ్చాయి.

"నాలుగేంటక్కా? చలానా రాసే పోలీసుకైనా ఆరొస్తాయి," అన్నాను.

"ముట్టుకుంటే దానికి ఒళ్లు మండుతుందిరా. పక్కన ఊరికే కూర్చుంటే హాయి. ఆ హాయికి గీత పెట్టడు మీ డాక్టరు."

"మా డాక్టరుకు కావలసింది కౌగిలింతలు. నే చెప్పినట్టు విను. లోపలికి పోగానే ముద్దులతో ముంచెయ్."

విన్నది, పాపం. రెండో పరీక్షలో అక్క ముద్దులు మొదలుపెట్టగానే పంకారాణి ఆమె జుట్టు పట్టుకుని, మూడంతస్తులూ అదిరేలా అరిచింది. ఆ రోజు కింద ఫ్యూజు ఎగిరింది ఆ అరుపుకేనని నా వాదన. 'బిడ్డ తల్లిని తిరస్కరిస్తోంది' అని రాసుకున్నాడు డాక్టరు.

"నీ సలహా తగలెయ్య," అంది అక్క బయటికొచ్చి. వరండా బల్ల మీద కూర్చుని, సంచీలోంచి నోటుబుక్కు తీసి ఏదో రాసుకుంది. నేను ఫ్యూజు వెయ్యడానికి కిందికి పోయాను.

మూడో పరీక్ష మధ్యలో డాక్టరు కూర్చునే చీకటి గదిలో టేబులు ఫ్యాను ఆగిపోయిందని నన్ను పిలిచారు. గదంతా ఉక్క.

"చప్పుడు చెయ్యకుండా చూడవయ్యా," అన్నాడాయన గొంతు తగ్గించి.

అద్దం అవతల అక్క నేల మీద, పంకారాణికి బారెడు దూరంలో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాగితం మీద ఒక్క గీతా లేదు.

ప్లగ్గు వదులైంది, అంతే. తడుముకుంటూ నొక్కాను. కరెంటు వస్తోందో లేదో చూడాలంటే ఎలక్ట్రీషియను చేయి తనంతట తానే లైటు స్విచ్చి మీదకు పోతుంది. నాదీ పోయింది. లైటూ వెలిగింది, ఫ్యానూ తిరిగింది. వెనక చీకటి లేకపోతే ఆ అద్దం అద్దం కాదు, ఉత్త కిటికీ.

"ఆర్పు," అన్నాడు డాక్టరు పళ్లు బిగించి.

ఆర్పబోతూ ఆగిపోయాను. పంకారాణి లేచింది. గాజు దగ్గరకొచ్చి ముక్కు ఆనించి ఫ్యానును చూసింది. డాక్టరు వంక చూడనైనా లేదు. ఇద్దరిలో ఫ్యానే అందంగా ఉంది మరి. తర్వాత వెనక్కి పోయి, అక్క మణికట్టు పట్టుకుని లాక్కొచ్చి, ఆమె అరచేతిని సరిగ్గా ఫ్యాను కనిపించే చోట గాజుకు ఆనించింది.

డాక్టరు పెన్సిలు పైకెత్తి అలాగే పట్టుకున్నాడు. కాగితం నిండా తల్లి చేసేవాటికే గళ్లు. పిల్లే తల్లి దగ్గరకొస్తే గీత పెట్టడానికి గడి లేదు.

"ఆర్పమంటారా సార్?"

"వద్దు. ఉండనీ."

లేచి అవతలి గదిలోకి వెళ్లి, అక్కకు ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఇలా ఇంతకుముందు చేసిందామ్మా?"

"వారానికోసారైనా చేస్తుందండీ." అక్క సంచీలోంచి ఏడు నోటుబుక్కులు తీసింది. ఏ చప్పుడుకు చెవులు మూసుకుంది, ఏ బట్ట గుచ్చుకుంది, ఎప్పుడు తన చేయి పట్టుకుంది, నాలుగేళ్ల సంగతులు తేదీలతో సహా ఉన్నాయి. "మొదటిరోజే తెచ్చాను. తల్లుల రాతలు డాక్టరుగారు చూడరన్నారు."

ఆయన రెండు పుస్తకాలు పూర్తిగా చదివాడు.

"ఆటిజం మీద తొలిరోజుల్లో వచ్చిన ఒక వ్యాసం వెనక, ఓ తండ్రి కొడుకు గురించి రాసిన ముప్పై మూడు పేజీల ఉత్తరం ఉందమ్మా. నాకది పాఠంలో చెప్పారు కూడా. ఉత్తరాన్ని మరిచిపోయి, అద్దం కొనుక్కున్నాను."

హాస్టలు మాట మళ్లీ ఎత్తలేదు. గీతల కాగితం వెనక్కి తిప్పి కొత్త గళ్లు గీశాడు. ఏ గడికి ఏం పేరు పెట్టాలో అక్కనే అడిగాడు. అక్క చెబుతుంటే బుద్ధిగా రాసుకున్నాడు.

సాయంత్రం ముగ్గురం ఇంటిదారి పట్టాం.

"ఆ లైటు నేను కావాలనే వేశానక్కా."

"కరెంటు వస్తోందో లేదో చూడ్డానికి వేసుంటావులే," అంది అక్క.

పంకారాణి మాకు బారెడు దూరంలో, హాయిగా నడుస్తోంది.