ఫెన్నా స్టెర్కె బేరం

లేర్ సంతలో పశువును కొనే ముందు నేను పాలు, మాంసం, మేత లెక్క చూస్తాను. ఫెన్నా తోలుకొచ్చిన ఎర్ర పెయ్యకు పాల లెక్క సున్నా. ఈడు దాటిపోతోంది, ఆంబోతుకు రెండుసార్లు కట్టించినా చూడి నిలవలేదు. ఆమె తల్లి పెంచిన మందలో మిగిలింది అదొక్కటే. అది కబేళాకు పోతే ఆ వంశం అక్కడితో సరి.

నేను మాంసం ధర చెప్పాను. మా బేరం అరచేతుల మీద నడుస్తుంది: ధర చెప్పుకుంటూ ఒకరి చెయ్యి ఒకరు చరుస్తాం. మూడో చరుపు పడితే ఇక మాట తిరగదు. రెండు పడ్డాయి.

అప్పుడు బడి మాస్టారు రేమ్ట్ మధ్యలో దూరాడు. పల్లెల మాటలు పోగుచేసుకుంటూ సంతల్లో తిరుగుతుంటాడు. పెయ్యను చూపించి దీన్నేమంటారని అడిగాడు. ఈనని పెయ్యను మేమందరం పిలిచే పేరే ఫెన్నా చెప్పింది: స్టెర్కె.

ఆయన ముఖం వెలిగిపోయింది. అది వెయ్యేళ్లు దాటిన మాటట. గోథులనే పాత జాతి భాషలో దాని తోబుట్టువు లాంటి మాటకు గొడ్రాలని అర్థమట. లాటిన్‌లోనూ దానికి చుట్టం ఉందట. ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు.

"చూశావా, పేరులోనే ఉంది. మూడో చరుపు వెయ్యి," అన్నాను.

ఫెన్నా వెయ్యలేదు. "మాస్టారూ, మేం ప్రతి పెయ్యనీ అలాగే అంటాం. అవన్నీ ఈనుతూనే ఉన్నాయిగా?"

"అదేనమ్మా చిత్రం. మొదట ఎప్పటికీ ఈనని దాన్ని అనేవాళ్లు. వాడగా వాడగా, ఇంకా ఈనని దాని పేరైంది."

ఫెన్నా చెయ్యి వెనక్కి లాక్కుంది. "అయితే నాదీ ఇంకా ఈనలేదు, అంతే."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. హబ్బో మీసం నేలకు దిగిందని ఒకడు నన్ను ఎగతాళి చేశాడు. నాకు కోపం రావలసింది, కానీ ఆ 'ఇంకా' అన్న మాట నన్ను పట్టుకుంది. ఏ ఆంబోతుకు కట్టించావని అడిగాను. రెండుసార్లూ పక్కింటి ముసలి ఆంబోతుకేనట.

లెక్క తలకిందులైంది. లోపం పెయ్యదే అని ఎవరు చూశారు? దీని తల్లి పాలు నాకు తెలుసు. "నా కుర్ర ఆంబోతుకు కట్టిద్దాం. చలికాలం మేత నాది. తొలి దూడ నాది," అన్నాను.

"మగదైతే నీది. ఆడదైతే నాది."

"నువ్వు నాకంటే గట్టి వ్యాపారివే."

"మా అమ్మ నీకు పాలు అమ్మింది కదా, మా బేరం ఎలాంటిదో నీకు తెలియాలి."

ఫటేలున చెయ్యి చరిచింది. నా అరచెయ్యి చురచురలాడింది.

పెయ్య బండి ఎక్కనని మొండికేసింది. నేను తాడు లాగుతుంటే, మాస్టారు పెన్సిలు పళ్ల మధ్య కరిచిపట్టి వెనకనుంచి భుజం పెట్టి నెట్టాడు.