మునగని పడవలు

"ఆ తుఫాను రాత్రి కాపలాదారు నిద్రపోయాడండీ! దీపం తిరగడం ఆగింది. పడవ రాళ్ళకి కొట్టుకుని ముక్కలైంది."

లైట్‌హౌస్ మెట్లెక్కి, సందర్శకుల వెనకాల ఆయాసం తీర్చుకుంటున్న ముసలాయన చెవిలో ఆ మాట సీసం పోసినట్టు పడింది. చెబుతున్నది ఆయన కూతురే. వచ్చినవాళ్ళకి లైట్‌హౌస్ చరిత్ర వినిపించడం ఆమె ఉద్యోగం. ఆ కాపలాదారు ఆయన తండ్రి.

జనం దిగేదాకా పంటి బిగువున ఊరుకున్నాడు.

"ఎవరే నిద్రపోయింది?"

కూతురు ఉలిక్కిపడింది. "నాన్నా! నువ్వెప్పుడొచ్చావ్?"

"మీ తాత పరువు గంగలో కలుపుతున్నప్పుడు! ఆయనుండగా ఒక్క పడవైనా మునిగిందా?"

"లేదు నాన్నా, అదే చిక్కు. మునగలేదంటే ఫోన్లు చూసుకుంటారు. మునిగిందంటే కళ్ళింతింత చేసుకుని వింటారు."

"అందుకని ఆయన్నే ముంచావా?"

ఆ రోజుల్లో మనిషంత ఎత్తున్న గాజు కటకాన్ని ఒక ఇనప బరువు తిప్పేది. అది పాతకాలం గోడగడియారంలో గొలుసుకి వేలాడే గుండులా మెల్లగా కిందికి దిగుతుంటే దీపం తిరిగేది. అడుగుకి చేరేలోగా చేతిపిడి తిప్పి మళ్ళీ పైకి లాగాలి. తెల్లవార్లూ అదే పని. సాయంత్రం దీపానికి దణ్ణం పెట్టినప్పుడు తండ్రి సముద్రం శాంతించాలని కోరేవాడు కాదు, తన రెప్ప వాలకూడదని కోరేవాడు. అలాంటివాళ్ళ కథల్లో దేవుడు ఉప్పూకారం ఎందుకు తక్కువేశాడో ముసలాయనకి అర్థం కాలేదు.

"ఏమీ జరక్కుండా చూడటమే కదే ఆయన పని! రేపు నేను పోయాక నాకేం అంటగడతావ్, తాగుడా?"

కూతురికి నవ్వొచ్చింది. ఆ వెంటనే తల దించుకుంది. "సరే, ఈసారి ఉన్నదే చెప్తాను."

తరవాతి గుంపుకి బరువు గురించి, చేతిపిడి గురించి, బొబ్బలెక్కిన అరచేతుల గురించి చెప్పింది. ఇద్దరు ఆవలించారు.

"మరి పడవలేవీ మునగలేదా?" కళ్ళజోడాయన అడిగాడు.

"ఒక్కటీ మునగలేదండీ."

"అయ్యో!"

ముసలాయన గుంపుని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "అయ్యో ఏంటి బాబూ? ఆ పడవల్లో మీ అన్నదమ్ములుంటే ఇలాగే అనేవాడివా?"

కూతురు గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. కళ్ళజోడాయన మొహం ఎర్రబడింది. ఆమె క్షమించమని అడగలేదు.

"మా నాన్నండీ. ఆ కాపలాదారు మా తాత," అంది. ఇన్నాళ్ళుగా ఏ గుంపుకీ చెప్పని మాట అది.

ముసలాయన కోపం మాత్రం దిగలేదు. "ఇంకా చెప్పవే మీ తాత గురించి," అన్నాడు.